గడిలో గుండీ

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి రాస్తాను. ఉద్యోగం గురించి మాత్రం రాయను. డిసెంబరులో మా టీము మొత్తాన్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను, అయిపోయింది. పోయినదాని గురించి మార్చిలో కూర్చుని ఏడవడం దండగ.

బాబాయి తన షాపులో కిటికీ పక్క బల్ల నాకిచ్చాడు. ఎదురుగా గోడకి పద్దెనిమిది గడియారాలు. ఏ రెండూ ఒక టైము చెప్పవు. మరమ్మతుకొచ్చినవి కదా, అబద్ధమాడే హక్కు వాటికుంది అంటుంది కౌంటరక్క. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆ కౌంటరు వెనకే కూర్చుని, కూర్చునే పని నేర్చేసుకుంది. పెద్ద గోడ గడియారాలు విప్పి బిగించేది ఇప్పుడు ఎక్కువగా ఆవిడే.

సంగతేమిటంటే, బాబాయికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. ఈసారి ఇరవై ఎనిమిదో తారీకు ఇచ్చారు. ఇదీ దాటిస్తే కుడి కన్ను గురించి తను హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ పిన్నికి తేల్చి చెప్పిందట. బాబాయిది ఒకటే వాదన. రెండు నెలలు సన్నపని ముట్టుకోకూడదంటే షాపు మూసుకోవాలి, ఎందుకంటే ఏ గడియారం ఏ ట్రేలో విప్పి ఉందో, అందులో ఏ ముక్క ఎవరి దగ్గరికి వెళ్ళిందో తన బుర్రలోనూ తన పుస్తకంలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పుస్తకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆ రాత తనకి తప్ప పైవాడికి కూడా అర్థం కాదు.

అందుకని మాటిచ్చాను. అదంతా కంప్యూటరులోకి ఎక్కిస్తాను, నువ్వు నిశ్చింతగా కళ్ళు బాగుచేయించుకో అన్నాను. ఇరవై అయిదు రోజులుంది.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. నాకు తెలిసిన భాషలో అయితే వారం పని. కానీ ఈ మధ్య ఇంటర్వ్యూల్లో అందరూ రస్ట్ వచ్చా అని... రాయనన్నాను కదా.

మార్చి 4, మంగళవారం

గడియారానికి ఒక స్ట్రక్ట్ కట్టాను. పెట్టె లాంటిదనుకోవాలి. అందులో యజమాని పేరు, విప్పిన ముక్కల జాబితా, జరిగిన పని చరిత్ర. ఆ పెట్టె చేత చేయించే పనులు మెథడ్లు. మొదటి మెథడ్‌కి 'ఎలా ఉంది' అని పేరు పెట్టాను. గడియారం స్థితి చెప్పడం తప్ప అది చేసేదేమీ లేదు.

రెండు చోట్ల పిలిచాను. రెండో చోట కంపైలర్, అంటే నేను రాసిన కోడు సరిచూసి ఒప్పుకునే ప్రోగ్రాము, ఆపేసింది. ఆ గడియారం ఇప్పుడు నీ దగ్గర లేదు, మొదటిసారి పిలిచినప్పుడే దాన్ని ఆ మెథడ్‌కి ఇచ్చేశావు అంది. ఎలా ఉందని అడిగినందుకు గడియారమే పోయింది. తప్పెక్కడంటే, మెథడ్‌లో ఆ గడియారమే అనే అర్థంలో సెల్ఫ్ అని రాశాను, దాని ముందు & గుర్తు పెట్టలేదు. ఉత్త సెల్ఫ్ అంటే ఇచ్చేయడం. & పెడితే చూడ్డానికి అరువివ్వడం. దాని పక్కన మ్యూట్ కూడా పెడితే మార్చుకోవడానికి అరువివ్వడం. ఇంతే. పదహారేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, ఇది తెలుసుకోడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

కౌంటరక్కకి చెబితే, "ఇందులో కొత్తేముంది ఇంజినీరమ్మా, మా ఆడపడుచుకి ఏ వస్తువు చూపించినా అంతే" అంది.

మార్చి 6, గురువారం

బాబాయి బల్ల దగ్గర నియమాలు రెండు. ఎక్కడా రాసిపెట్టలేదు, తప్పితే మాత్రం చూపుతోనే చంపుతాడు.

ఒకటి. విప్పిన ట్రే మీద ఎంతమందైనా వంగి చూడొచ్చు. కానీ బాబాయి ట్వీజరు చేతిలోకి తీసుకుని "తలలు" అన్నాడంటే అందరూ వెనక్కి జరగాలి, గడియారం యజమాని అయినా సరే. ఒకప్పుడు ఎవరిదో తుమ్ముకి ఎగిరిపోయిన స్ప్రింగు కోసం మూడు రోజులు నేల మీద పాకాడట.

రెండు. ట్రేలో గడులుంటాయి, గడికో ముక్క. ముక్కని బయటికి తీస్తే, లేత్ పని చేసే ఆయనకి పంపినా సరే, ఎండలో పెట్టి చూడ్డానికి తీసినా సరే, ఆ గడిలో ఒక చొక్కా గుండీ పెట్టాలి. గుండీ ఉందంటే తీసింది మళ్ళీ వస్తుందని అర్థం. ఇంక రాదు, ఇచ్చేశాం అంటే గుండీ పెట్టరు. పాత చొక్కాలన్నిటి గుండీలూ కోసి సీసాలో పోసి పంపడం పిన్ని వంతు.

ఈ పిచ్చి ముక్కలతో ఆగలేదు. బాబాయి బల్ల పక్క గోడకి రెండు మేకులు, ఒకదానికి పుస్తకం, ఒకదానికి కంటికి పెట్టుకునే భూతద్దం. కంప్యూటరులోకి ఎక్కించడానికి నేను పుస్తకం తీసుకున్న ప్రతిసారీ లేచి వచ్చి, ఆ మేకుకి దారం కట్టిన గుండీ ఒకటి తగిలిస్తాడు. మేకుకీ నా కుర్చీకీ మధ్య నాలుగడుగులు. పుస్తకం ఎక్కడుందో నీకు కనపడుతూనే ఉంది కదా బాబాయ్ అన్నాను. "కనపడదనే కదా మీ అందరి గోలా" అన్నాడు.

మార్చి 7, శుక్రవారం

కంపైలర్ పట్టిన తప్పులు ముప్ఫై నాలుగు.

మార్చి 10, సోమవారం

తప్పులు నలభై ఒకటి. శుక్రవారం కంటే ఎక్కువ కోడు రాశాను కాబట్టి ఇది అభివృద్ధి కిందే లెక్క.

మార్చి 11, మంగళవారం

అన్నీ ఒక్కచోటే ఇరుక్కున్నాయి. ముక్క బయటికి వెళ్ళినప్పుడు రెండు పనులు జరగాలి. జాబితాలో ఆ ముక్క వెతికి 'బయట' అని మార్చాలి, చరిత్రలో ఒక లైను రాయాలి. చరిత్ర రాయడానికి 'రాసుకో' అని వేరే మెథడ్ ఉంది. జాబితా చేతిలో ఉండగా 'రాసుకో'ని పిలిస్తే కంపైలర్ ఒప్పుకోదు. ఈ గడియారం ముక్కలు ఇప్పటికే ఒకరికి అరువిచ్చాను, అదే గడియారాన్ని ఇంకొకరికి మార్చడానికి ఇవ్వను అంటుంది. ఒకరెవరు, ఇంకొకరెవరు? ఇద్దరూ నేనే కదా. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరు.

సాయంత్రానికి దారి దొరికింది. క్లోన్, అంటే నకలు. జాబితాకి నకలు తీసుకుని ఆ నకలు మీద పనిచేస్తే అసలుది ఎవరికీ అరువిచ్చినట్టు కాదు. 'రాసుకో' హాయిగా రాసుకుంటుంది. కంపైలర్ నోరు మూసుకుంది. ఆ ఊపులో ఎర్రగా కనపడ్డ ప్రతిచోటా ఒక క్లోన్ తగిలించుకుంటూ పోయాను.

మార్చి 12, బుధవారం

తప్పులు సున్నా.

బాబాయికి చూపించాను. స్క్రీనుకి ముక్కు ఆనించి చూసి, బావుంది, అక్షరాలు పెద్దవి చెయ్యి అన్నాడు. రస్ట్ కష్టం కష్టం అని అందరూ ఊరికే భయపెడతారు. నాకు వచ్చేసినట్టే.

మార్చి 14, శుక్రవారం

ముప్ఫై ఒక్క ట్రేలూ ఎక్కించడం అయింది. బాబాయి పుస్తకం కళ్ళ దగ్గరగా పట్టుకుని చదువుతాడు, నేను కొడతాను, తన రాత తనకే అర్థం కాని చోట అక్క ఆ గడియారం ఎవరిదో, ఎప్పుడొచ్చిందో గుర్తుచేస్తుంది. ఒకచోట 'తాతగారి ముక్కు పంపాను' అని ఉంది. అరగంట బుర్ర గోక్కుంటే తేలింది, అది లోలకం వేలాడే కొక్కెమట, వంకర చూసి ఆ పేరు పెట్టాడట. ముగ్గురం నవ్వీ నవ్వీ పనికి రాకుండా పోయాం. చాలా రోజుల తర్వాత ఒక వారం ఎలా గడిచిందో తెలియలేదు.

మార్చి 17, సోమవారం

బేకరీ ఆయనది పెద్ద గోడ గడియారం. గంట కొట్టే సుత్తి అరిగిపోతే శనివారం లేత్ ఆయన దగ్గరికి పంపాం. అక్క నా ప్రోగ్రాములో ఆ సంగతి కొట్టింది, బాబాయి గడిలో గుండీ పెట్టాడు. ఇవాళ అక్క షాపు తెరిచేసరికి బేకరీ ఆయన ఫోను. అక్క స్క్రీను చూసింది. ముక్కలన్నీ ట్రేలో ఉన్నాయని చూపిస్తోంది. ఆదివారం లేత్ ఆయనే తెచ్చిచ్చాడు కాబోలనుకుని, రండి, మీ ఎదురుగానే బిగించి ఇస్తాం అంది. ఆయన కొట్టుకి తాళం వేసి, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ గడియారం ఆవిడ నాన్నగారిది.

బాబాయి ట్రే మూత తీశాడు. సుత్తి ఉండాల్సిన గడిలో తెల్ల గుండీ.

అందరం తలలు వంచి ఆ గుండీనే చూశాం. అక్క స్క్రీను వైపు చూసింది. అది ఇంకా సుత్తి ఉందనే అంటోంది. బేకరీ ఆయన మంచివాడు, బుధవారం వస్తాంలెండి అని భార్యతో వెళ్ళిపోయాడు.

బాబాయి మూత పెట్టి ట్రేని పక్కకి జరిపాడు. నన్ను తిట్టినా బావుండేది. మధ్యాహ్నం పిన్నికి ఫోనులో చెబుతుంటే విన్నాను. వచ్చే సోమవారం దాకా చూస్తాడట. అప్పటికీ కుదరకపోతే ఆస్పత్రికి ఫోను చేసి, ఆపరేషను ఇంకో రెండు నెలలు జరపమంటాడట. అటు నుంచి పిన్ని ఏమందో వినపడలేదు. చాలాసేపు అంది.

మార్చి 18, మంగళవారం

అక్క ఏదో తప్పు మీట నొక్కి ఉంటుంది.

మార్చి 19, బుధవారం

అక్క తప్పు మీట నొక్కలేదు.

చరిత్ర తెరిచి చూశాను. లైను ఉంది: సుత్తి, లేత్ ఆయన దగ్గరికి, శనివారం. జాబితాలో మాత్రం సుత్తి ట్రేలోనే కూర్చుని ఉంది. గంటసేపు చూశాక అర్థమైంది. నేను 'బయట' అని మార్చింది నకల్లో. మెథడ్ పని అయిపోగానే నకలు పోయింది, దాంతోపాటు మార్పూ పోయింది. అసలు జాబితాని ఎవరూ ముట్టుకోలేదు. కంపైలర్ మాత్రం ఏం చేస్తుంది, నకలు తీసుకుని పాడుచేసుకోవడం నా ఇష్టం. అది నలభై ఒక్కసార్లు అరిచినా ఎవరి పరువూ పోలేదు. నేను దాని నోరు నొక్కితే పోయింది.

నిన్న రాసిన లైను కొట్టేయను. ఉండనీ, సిగ్గుపడ్డానికి పనికొస్తుంది.

అక్కకి క్షమించమని చెప్పాను. దేనికి అంది. నిన్నంతా మనసులో నిన్ను తిట్టుకున్నాను అన్నాను. "నేను నిన్ను పైకే తిట్టాను, బేకరీ వాళ్ళు వెళ్ళగానే. చెల్లుకి చెల్లు" అంది.

క్లోన్లన్నీ పీకి పారేశాను. తప్పులు మళ్ళీ పంతొమ్మిది. సోమవారానికి అయిదు రోజులుంది.

బేకరీ గడియారం సాయంత్రం వెళ్ళింది. వెళ్ళేముందు ఆరు కొట్టింది, బేకరీ ఆయన భార్య ఆరూ లెక్కపెట్టుకుంది.

మార్చి 20, గురువారం

ఇది మర్చిపోకుండా రాసుకోవాలి.

పొద్దున బాబాయి ఒక ట్రే మీద పనిలో ఉన్నాడు. కుడిచేతిలో ట్వీజరు, దాని కొన గడిలో. ఏదో రాసుకోవాల్సి వచ్చింది. ట్వీజరు తీయలేదు, తల ఎత్తలేదు, ఎడమచెయ్యి చాపి "పుస్తకం" అన్నాడు. అక్క మేకు నుంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి, ఆ చేతి కిందికి జరిపి పట్టుకుంది. బాబాయి ఎడమచేత్తో గీకాడు. నలభై ఏళ్ళుగా ఆ రాత అలా ఎందుకుందో కూడా ఇవాళే తెలిసింది. బాబాయిది కుడిచేతి వాటం.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్క ట్రే జోలికి పోలేదు. బాబాయి పని ఆపలేదు. ట్రే ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో, దేని దారి దానిది. నేనో? 'రాసుకో'ని పిలిచిన ప్రతిసారీ పుస్తకం ఒక్కటే కాదు, గడియారం మొత్తాన్నీ అడుగుతున్నాను. ఆ మెథడ్ సెల్ఫ్ మొత్తాన్నీ తీసుకుంటుంది మరి. ముక్కలు నా చేతిలోనే ఉండగా మొత్తం మళ్ళీ ఇమ్మంటే ఎవరిస్తారు? ట్వీజరు లోపలుండగా ట్రే లాక్కోబోతే బాబాయి ఇస్తాడా?

ఆ చోట 'రాసుకో'ని పిలవడం మానేశాను. మెథడ్ లోపల ముక్కల జాబితాని విడిగా, చరిత్రని విడిగా అందుకున్నాను. ఒకే గడియారంలోవి అయినా రెండు వేరు వస్తువులు, రెండు వేరు అరువులు. కంపైలర్ కిక్కురుమనలేదు. ఈసారి నోరు నొక్కలేదు, దానికి నిజంగానే అభ్యంతరం లేదు.

సాయంత్రానికి తప్పులు మూడు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నడిచాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

మార్చి 21, శుక్రవారం

మిగిలిన మూడూ ఒకటే రకం. మార్చడానికి అరువిచ్చిన పెట్టెలోంచి ముక్కని తీసి వేరే చోటికి ఇచ్చేయబోతున్నాను. కుదరదంటోంది. తీసుకెళ్తే ఆ చోట ఏముంటుంది, అరువిచ్చినవాడికి పెట్టె బొక్కతో తిరిగివ్వకూడదు అని దాని గోల.

గడి ఖాళీగా వదలకూడదు. రెండు వారాలుగా రోజూ వింటున్న మాటే.

రస్ట్‌లో దానికి 'టేక్' అని ఉంది. ముక్కని తీసుకుంటుంది, తీసిన చోట 'ఏమీ లేదు' అనే గుర్తు వదులుతుంది. ఆ గుర్తు ఉన్నచోట స్క్రీను మీద తెల్ల గుండీ బొమ్మ వేశాను, నాలుగు చిల్లులతో సహా. బాబాయి చూసి ఇంతసేపూ ఏం చేస్తున్నావో ఇప్పుడు అర్థమైంది అన్నాడు.

తప్పులు సున్నా. ఈ మాట ఇంతకుముందు కూడా రాశాను కాబట్టి ఈసారి ఊరుకోలేదు. నేనూ అక్కా ఒక్కో ముక్క తీసి, పెట్టి, స్క్రీనుతో సరిచూసుకుంటూ ఆరు ట్రేలు చూశాం.

మార్చి 24, సోమవారం

బాబాయి పరీక్ష పెట్టాడు. కళ్ళకి తుండు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. శుక్రవారం తర్వాత నాకు కనపడేది ఇంతే కదా అన్నాడు. తను ట్రే నంబరు చెప్పాలి, నేను స్క్రీను చూసి ఏ గడిలో ముక్క ఉందో, ఎక్కడ గుండీ ఉందో చెప్పాలి, అక్క మూత తీసి అవునో కాదో చెప్పాలి. ఒక్కటి తప్పినా ఆస్పత్రికి ఫోను. ఫోను ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

పదహారు ట్రేలు సరిపోయాయి.

పదిహేడు అన్నాడు. ఏడో గడిలో గుండీ, మిగతా అన్నిట్లో ముక్కలు అన్నాను. అక్క మూత తీసి, ట్రే మీదకి ఇంకా వంగింది. బాబాయి మళ్ళీ అడిగాడు. ఏడో గడిలో ముక్కా లేదు, గుండీ లేదు అంది అక్క. ఆగి, గుండీ ఎనిమిదో గడిలో ఉంది, అక్కడున్న చక్రం మీద అంది.

మళ్ళీ ఎక్కడో తప్పు చేశాననుకున్నాను.

"ఏడులోది నేనే తీశాను, శనివారం, ఎండలో చూద్దామని, అక్క చేత కంప్యూటరులో కొట్టించాను," అన్నాడు బాబాయి. "గుండీ కూడా నేనే పెట్టాను."

తుండు విప్పుకున్నాడు. ట్రే దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. చివరికి చూపుడువేలితో తడిమాడు. ఏడో గడి. ఎనిమిదో గడి. గుండీ ఎక్కడుందో వేలు చెప్పాక ఆ వేలు అక్కడే కాసేపు ఉంచాడు. తప్పింది నా ప్రోగ్రాము కాదు, అది సరిగ్గానే చెప్పింది. ఆ మాట పైకి అనడానికి నాకు మనసు రాలేదు.

ఒళ్ళో ఫోను తీసి పిన్నికి చేశాడు. "శుక్రవారం ఎన్నింటికి బయల్దేరాలి?" అని అడిగాడు.

మిగతా పద్నాలుగు ట్రేలు అడగలేదు. నేనూ అక్కా చూసుకున్నాం, అన్నీ సరిపోయాయి. నెగ్గినందుకు వెంటనే సంతోషం వేయలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వేసింది.

మార్చి 27, గురువారం

బాబాయి ఇవాళ సాయంత్రం దాకా పని చేశాడు. వెళ్ళేముందు బల్ల తుడిచాడు, ఉన్న రెండు ట్వీజర్లూ నూనె గుడ్డలో చుట్టాడు. భూతద్దం అక్క చేతికిచ్చాడు. నాతో పాలు ఎక్కువ పోసి టీ పెట్టకు, అక్కకి పడదు అన్నాడు. అంత ముఖ్యమైన అప్పగింత అదొక్కటే.

ఉద్యోగం గురించి రాయనన్నాను. రాయడానికేమీ లేదు కూడా, అది గుర్తొచ్చి వారం దాటింది.

మార్చి 28, శుక్రవారం

కుడి కన్ను అయిపోయింది. మొత్తం ఇరవై నిమిషాలట. ఈ ఇరవై నిమిషాల కోసం ఏడాదిన్నర సతాయించాడని పిన్ని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎడమది ఏప్రిల్లో.

మార్చి 31, సోమవారం

శుక్రవారం నుంచి మూసి ఉన్న షాపు తాళం ఇవాళ నేనే తీశాను. పద్దెనిమిది గడియారాలు పద్దెనిమిది టైములు చెప్పాయి.

నా బల్ల మీద పుస్తకం ఉంది. గురువారం నేను గిన్నెలు కడుగుతుండగా పెట్టి వెళ్ళినట్టున్నాడు. అట్ట తుడిచి, ఊడిపోయే పేజీలకి దారం కుట్టించి పెట్టాడు. గోడ వైపు చూశాను. భూతద్దం మేకుకి దారం కట్టిన గుండీ వేలాడుతోంది. పుస్తకం మేకుకి ఏమీ లేదు.

కింద పడిందేమోనని బల్ల కింద చూశాను. పదిహేడో ట్రేలో జరిగినట్టు పక్క మేకుకి రెండూ తగిలించాడేమోనని చూశాను, అక్కడ ఒకటే ఉంది. అక్క కూడా కౌంటరు వదిలి వచ్చి, చీపురుతో మూలలన్నీ గీరింది. పాపం, ఆ కళ్ళతో ఎక్కడ జారవిడిచాడో అంది. నేను సీసాలోంచి ఒక గుండీ తీసి, దారం ఎక్కించి, నేనే తగిలిద్దామనుకున్నాను. ఎందుకో చెయ్యి ఆగింది. ఇంటికి ఫోను చేశాను. పిన్ని ఎత్తి, ఆయన చెవి దగ్గర పెట్టింది.

బాబాయ్, పుస్తకం మేకుకి పెట్టిన గుండీ ఎక్కడో పడిపోయినట్టుంది, ఎంత వెతికినా దొరకట్లేదు అన్నాను.

"వెతక్కు అమ్మలూ," అన్నాడు. "పెట్టలేదు."